ఐల్సా కొట్టిన సున్నా

పెర్త్ వీధిలో మాంసం కొట్టు నడిపే ఐల్సాకి యాభై రెండేళ్లు. గోల్ఫ్ బంతిని అందరికన్నా దూరం బాదే పోటీల్లో ఇరవై ఏళ్లుగా దిగుతోంది. కొట్టేముందు అరచేతులు తొడలకి తుడుచుకుని, కింది పెదవి కొరుకుతుంది. ఇచ్చేది ఆరు బంతులు. తెల్లగీతల మధ్య పడిందే లెక్క. మొన్నటి పోటీలో మొదటి అయిదూ గీతల బయటే పడ్డాయి.

"నీకు దండం పెడతా, ఆఖరిదైనా మెల్లగా కొట్టవే! లోపల పడితే చాలు, ఫైనల్లో ఉంటావు," అన్నాడు మొగుడు మర్డో.

"మెల్లగా కొట్టడానికా ఇంత దూరం వచ్చింది?" అంటూ ఒళ్లంతా మెలితిప్పి బాదింది. బంతి ఆమె జన్మలో కొట్టనంత దూరం పోయి, గీతకి జానెడు అవతల పడింది. బోర్డు మీద సున్నా వేశారు.

ఇప్పుడెవరైనా "ఎంత కొట్టావమ్మా?" అని అడిగితే, కీమా తూస్తూనే ఛాతీ విరుచుకుంటుంది.

"సున్నా! ఆ సున్నా దాకా ఇంకెవరి బంతీ రాలేదు."