ఒడిలో పడిన బంతి

నేను చెబుతున్నాను, నా బిడ్డ రాస్తోంది. మధ్యమధ్యలో నవ్వు ఆపుకోలేక కలం పక్కన పెడుతోంది. నవ్వనీ. నాకు సంతకం వరకే చదువు. కానీ ఫుట్‌బాల్ గురించి అడగండి, పొద్దుగూకేదాకా చెబుతాను.

అదంతా మా ఆయన నోటి చదువు. ఆయన మా ఇబ్రహీంపట్నం జట్టుకు గోల్‌కీపర్, మా వాళ్ల మాటలో గోలీ. పెళ్లైన కొత్తలో నేను బియ్యంలో రాళ్లు ఏరుతుంటే ఎదురుగా కూర్చొని చెప్పేవాడు. మొట్టమొదటి ప్రపంచ కప్పుకు ఆటగాళ్లు ఓడెక్కి, రోజుల తరబడి సముద్రం దాటి ఉరుగ్వే పోయారట. మన దేశం వాళ్లు ఒట్టి కాళ్లతో ఆడి బూట్లవాళ్లను ముప్పుతిప్పలు పెట్టారట. ఒకప్పుడు దేశం జట్టులో హైదరాబాద్ గల్లీల నుంచి పోయినవాళ్లే ఎంతోమంది ఉండేవారట. అన్నింటికన్నా ఎక్కువసార్లు చెప్పింది బ్రెజిల్ గోలీ కథ. సొంత గడ్డ మీద, కప్పు తేలే ఆటలో ఒక గోల్ వదిలాడట పాపం. అంతకుముందు పట్టినవన్నీ జనం మరిచిపోయి, ముసలివాడయ్యేదాకా ఆ ఒక్కదాన్నే ఎత్తిపొడిచారట. ఆ కథ చెప్పేటప్పుడు ఆయన గొంతు మారేది. ఎందుకో నాకు తెలుసు.

ఆయనకూ అలాంటి గోల్ ఒకటుంది. తుర్కయాంజాల్ జట్టుతో ఆట, చివర్లో పెనాల్టీ. అంటే ఇటు గోలీ ఒక్కడే, అటు కొట్టేవాడొక్కడే. కొట్టింది ఎవరనుకున్నారు? మా ఆడబిడ్డ మొగుడే! మా ఆయన కుడి పక్కకు దూకాడు. బంతి నింపాదిగా నడిమధ్య నుంచి లోపలికి పోయింది. ఇక చూడండి, ఏ పెళ్లిలో కలిసినా, ఏ దావత్‌లో కలిసినా "బామ్మర్దీ, ఎటు దునుకుతవ్?" అనడమే. మా ఆయన నవ్వేవాడు. ఇంటికొచ్చాక మాత్రం, "జర నిలబడితే నా కడుపుకే తగుల్తుండె" అనేవాడు. పోయే ముందు దవాఖాన మంచం మీద కూడా అదే మాట అన్నాడు, నవ్వుతూనే.

ఆయన పోయి రెండేళ్లు. మొన్న మహిళా దినోత్సవానికి మా మహిళా సంఘానికీ తుర్కయాంజాల్ సంఘానికీ బడి గ్రౌండులో ఫుట్‌బాల్ పెట్టారు. గోలీగా నేనుంటానన్నాను. అందరూ కిసుక్కున నవ్వారు. నాకు కావలసింది కప్పు కాదు. ఆయన మీద ఉన్న ఆ మాట ఒక్కటి పోవాలి.

పెట్టెలో నుంచి ఆయన గ్లౌజులు తీశాను. నా చేతులకు సంచుల్లా ఉన్నాయి. చేనుకు పోయే అలవాటుకొద్దీ, పత్తి ఏరేటప్పుడు కట్టుకున్నట్టే కొంగు ముందుకు తెచ్చి ముడేసి జోలెలా ఒడి కట్టాను.

ఆట ఏమని చెప్పను! బంతి ఎటు పోతే అందరూ అటే. ఒకామె బంతిని తన్నబోతే కాలి చెప్పు ఎగిరి పోయింది. సగం మంది చెప్పు వెనక పరుగు తీశారు. ఇంకొకామె "అక్కా, జర నాకియ్యి" అని అవతలి జట్టామెను అడిగితే, ఆమె "తీస్కో" అని ఇచ్చేసింది కూడా.

ఆఖరికి మా వాళ్లలో ఒకామె, ముఖం మీదికి బంతి వస్తుంటే రెండు చేతులా పట్టుకొని సరిగ్గా నా ముందు నిలబడింది. ఆట నడిపించే పీఈటీ మేడమ్ విజిల్ వేసింది. పెనాల్టీ.

కొట్టడానికి వచ్చింది మా ఆడబిడ్డ. గీత అవతల నుంచి ఆమె మొగుడు, నాకు అన్న వరస, కేకేశాడు.

"చెల్లే, మా బామ్మర్ది లెక్క దునుకుతవా ఏంది?"

"నీ పెండ్లాన్ని సూస్కో అన్నా, చీర కాళ్లల్ల పడి బోర్ల పడ్తది!" అన్నాను.

"వదినా, పక్కకు జరుగు! తగుల్తది!" అంది ఆడబిడ్డ.

"తగలనీ. నువ్వు కొట్టు."

మా వాళ్లంతా "దునుకక్కా, దునుకు!" అని అరుస్తున్నారు. నేను మాత్రం పాతేసిన గుంజలా నిలబడ్డాను. ఆమె తన్నింది. బంతి నడిమధ్యకే వచ్చింది, ఆ ఇంటి గుణం కాబోలు. నేను చేతులు దగ్గరికి తెచ్చేలోపే ధబీమని కడుపుకు తగిలి, జారి ఒడిలో పడింది. అక్కడే ఉండిపోయింది.

అన్న నోరు తెరిచి చూశాడు. తర్వాత మెడలోని తువ్వాల తీసి గాల్లో ఊపాడు. "పట్టినవ్ చెల్లే! ఇగ మా బామ్మర్దిని ఒక్క మాట అనను పో!"

ఆ మాట చెవిన పడగానే నాకు ఒళ్లు తెలియలేదు. మా వాళ్లు వచ్చి చుట్టూ మూగారు. సంతోషం వస్తే మా ఆడవాళ్లకు తెలిసింది ఒక్కటే, చప్పట్లు కొడుతూ గుండ్రంగా తిరగడం. ఆయన పోయాక బతుకమ్మ ఆటలో నేను పక్కన నిలబడి చూడడమే. ఆ పూట ఎవరో రెక్క పట్టి లోపలికి లాగారు. వంగి ఒక చప్పట, లేచి ఒక చప్పట, పక్కకు ఒక అడుగు. ఎవరి జట్టో మరిచి మా ఆడబిడ్డ కూడా కలిసింది. నా ఒడిలో బంతి అటూ ఇటూ ఊగుతోంది. తిరుగుతూ తిరుగుతూ రెండు వెదురు గుంజల నడుమ నుంచి సున్నపు గీత దాటి అవతలికి పోయాము.

విజిల్ మోగింది. మాకోసమే అనుకొని ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టాము.

"ఆగుండ్రమ్మా!" అంటూ పీఈటీ మేడమ్ పరుగెత్తుకొచ్చింది. నవ్వుతో ఆమెకు మాట రావడం లేదు. "నువ్వు పట్టుకున్నంక ఆట ఆగలే. బంతి నీ ఒడిలనే ఉన్నది. గా ఒడితోనే గీత దాటినవ్. గోల్!"

"ఎవలకు?" అన్నాను.

"వాళ్లకు!"

ఆ ఒక్క గోల్‌తో ఓడిపోయాము. నేను నేల మీద కూలబడి, కళ్ల నీళ్లు కారేదాకా నవ్వాను.

అన్న మాట నిలబెట్టుకున్నాడు. మా ఆయన గోల్ ఊసు మళ్లీ ఎత్తలేదు. నిన్న మాత్రం నాకు ఫోన్ చేశాడు.

"చెల్లే, బంతి ఒడిలనే ఉన్నదా, దింపినవా?"

"ఉన్నదన్నా," అన్నాను. "గీత ఎక్కడున్నదో జర చెప్పు, దాటకుండ కూసుంట."