పసుప్పచ్చ ఓటు చీటీ

సస్కటూన్ చుట్టుపక్కల ఏ ముసలి రైతు పొలం అమ్ముకున్నా, ఆ వేలంపాటలో ట్రాక్టర్ల దగ్గర కాకుండా అట్టపెట్టెల దగ్గర ఒంగి కనిపించే మనిషి దక్షిణామూర్తి. వందేళ్ల కిందట అమెరికా నుంచి ఉత్తరాన సరిహద్దు దాటి ఇటు వలస వచ్చిన రైతులు కొందరు తాతల నాటి ఎన్నికల సామాను కూడా వెంట తెచ్చుకున్నారు. ఊరేగింపు రిబ్బన్లు, నాయకుల బొమ్మలున్న రేకు బిళ్లలు, ఓటు చీటీలు. వాళ్ల మునిమనవలకు అదంతా చెత్త. దక్షిణామూర్తికి ప్రాణం. కుర్రతనంలో గుంటూరు ప్రెస్సులో ఎన్నికల కరపత్రాలకు అక్షరాలు పేర్చిన చేతులు మరి. ఎవరి పిచ్చి వారికానందం.

ఇరవై ఆరేళ్లు ఇదే బతుకు. వారమంతా విత్తనాలు శుభ్రం చేసే ప్లాంటులో దుమ్ము మింగడం, శనివారం వేలాలకు డ్రైవ్ చేయడం. ఇప్పుడు అరవై తొమ్మిది నిండాయి. మోకాళ్లు బేస్‌మెంట్ మెట్లు దిగనివ్వడం లేదు. కొత్తగా ఏం దొరికినా సంతోషం పుట్టడం లేదు. తాను పోతే ఈ పెట్టెలన్నీ రీసైక్లింగ్ బండెక్కుతాయన్న దిగులొక్కటే మిగిలింది. అందుకే పాత పత్రాలు భద్రపరిచే యూనివర్సిటీ ఆర్కైవ్స్‌కు ఉత్తరం రాశాడు. ఏడు నెలలకు జవాబొచ్చింది, బుధవారం మనిషిని పంపుతామని.

అన్నిటిలోకీ ఆయన కళ్లకద్దుకునేది 1864 నాటి పసుప్పచ్చ చీటీ. అప్పట్లో అమెరికాలో ఓటు చీటీలు సర్కారు అచ్చు వేసేది కాదు, పార్టీలే వేసి పంచేవి. నచ్చని పేరుంటే ఓటరు దాన్ని కొట్టేసి పక్కన ఇంకో పేరు రాసుకునేవాడు. ఈ చీటీ మీద ఎవరో పెన్సిలు నొక్కిపట్టి షెరీఫ్‌గా, అంటే జిల్లా పోలీసు పెద్దగా, నిలబడ్డవాడి పేరు కొట్టేశాడు. తీరా ఏమనుకున్నాడో ఏమో, పెట్టెలో వేయకుండా ఇంటికి పట్టుకుపోయాడు. కాగితం ఉల్లిపొరంత పల్చన. వెనక వేలు పెడితే ఆ గీత తగిలేది. ఇదొక్కటి ఆర్కైవ్స్‌లో భద్రంగా చేరితే చాలు, మిగతావి ఏమైనా ఫరవాలేదనుకున్నాడు.

బుధవారం వచ్చినమ్మాయి మధుమిత. ఇక్కడే పెరిగిన తెలుగు పిల్ల, ఆర్కైవ్స్‌లో ఉద్యోగం. డైనింగ్ టేబుల్ నిండా పరిచిన రిబ్బన్లు చూసి "దిస్ ఈజ్ అమేజింగ్, అంకుల్" అంటూ ఒక్కొక్కటే రాసుకుంది. చివరికి దక్షిణామూర్తి ఆ పసుప్పచ్చ చీటీ దాచిన ఫైలు తెరిచాడు.

చీటీ తళతళా మెరిసింది. అట్టలాగా బిరుసెక్కి ఉంది.

వంటగదిలోంచి ఆయన భార్య చంద్రకళ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"నిన్న మధ్యాహ్నం మీరు పడుకున్నప్పుడు ప్రింట్ షాపుకెళ్లి లామినేషన్ చేయించానండీ. పదిమంది చేతుల్లో పడేది కదా."

టెన్త్ మార్కుల లిస్టు మొదలుకొని టైపు సర్టిఫికెట్ దాకా, ఆ ఇంట్లో విలువైన కాగితమంటే ప్లాస్టిక్ తొడుక్కోవలసిందే. మనవాళ్లకు అంతకు మించిన భద్రత తెలియదు.

మధుమిత దాన్ని వెలుతురుకు పెట్టి చూసి తల అడ్డంగా ఊపింది. "వేడికి ప్లాస్టిక్ కరిగి పేపర్‌లోకి వెళ్లిపోయింది అంకుల్. ఇట్ కాంట్ బి అన్‌డన్. మిగతావన్నీ తీసుకుంటాం. ఇదొక్కటి... ఐ యామ్ సో సారీ."

మధుమిత చూపించిన చోటల్లా దక్షిణామూర్తి సంతకం పెట్టాడు. పెట్టెలు వ్యానెక్కాయి. ఇల్లు బోసిపోయింది. అరుద్దామంటే ఓపిక లేదు. చీటీ వెనక వేలు పెట్టి చూశాడు. నున్నగా ఉంది. ఆయనకు ఏడుపొచ్చింది.

"ఒక్క మాట అడగొచ్చుగా చంద్రా! అదేమిటో, దాని విలువేమిటో చెప్పేవాణ్ణిగా."

చంద్రకళ ఎదుటి కుర్చీలో కూర్చుంది.

"అడిగాను. మీరది తెచ్చిన రోజే అడిగాను. ఎవరి పేరండీ కొట్టేశారు, ఎందుకు కొట్టేశారూ అని చెయ్యి చాపితే, ముట్టుకోకు, చిరుగుతుంది అన్నారు. అలా అన్నాక మళ్లీ ఏమడుగుతాను? చిరగదంటే మీకు నిశ్చింతగా ఉంటుందనుకున్నా."

దక్షిణామూర్తికి ఆ రోజు గుర్తు లేదు. గుర్తు లేనందుకు సిగ్గేసింది.

ఆమె చీటీని తన వైపు తిప్పుకుంది. ఇరవై ఆరేళ్లలో ఆయన కూడబెట్టిన కాగితాల్లో ఒకదాన్ని ఆమె అలా ఎదురుగా పెట్టుకోవడం అదే మొదలు.

"ఇప్పుడు చిరగదుగా," అంది. "చెప్పండి."