దాసప్ప చెప్పిన పథ్యం

యాడికి ఊరు దాటాక ఒక పల్లె దవాఖానాలో దాసప్ప కాంపౌండరు. 1958లో అక్కడికి కోస్తా నుంచి కొత్త డాక్టరు వచ్చాడు. హస్తవాసి మంచిదే గానీ నోటికి కుట్లు వేసుకున్నట్టుండేవాడు. చెయ్యి పట్టి చూడడం, చీటీ రాసివ్వడం, అంతే. "పథ్యమేమి సామీ?" అని అడిగితే "ఏమీ లేదు, అన్నీ తిను" అనేవాడు.

పథ్యం లేని మందును ఆ చుట్టుపక్కల ఎవరు నమ్ముతారు? బయటికి రాగానే పారబోసేవాళ్లు. వానల్లేని ఆ యేడు వంకలో పారింది ఎర్రమందు ఒక్కటేనంటే నమ్మండి.

అది చూడలేక దాసప్ప మందులిచ్చే కిటికీ దగ్గర తనే పథ్యం చెప్పడం మొదలుపెట్టాడు. ఒకరికి వంకాయ వద్దన్నాడు, ఒకరికి గుమ్మడికాయ. జనం మందు తాగారు, జబ్బులు తగ్గాయి, పేరు దాసప్పకొచ్చింది. బత్తలపల్లె నుంచి కూడా బండ్లు కట్టుకొచ్చేవాళ్లు, డాక్టరు కోసం కాదు, ఆ కిటికీ కోసం.

ఒకరోజు తిప్పమ్మ వచ్చింది. కాన్పయి రెండు నెలలు, ఒంట్లో రక్తం లేదు. డాక్టరు టానిక్కు రాసి అన్నీ తినమన్నాడు. కిటికీ దగ్గర పదిమంది వింటున్నారని దాసప్ప గొంతు పెంచాడు.

"నలభై దినాలు పాలొద్దు, శెనక్కాయలొద్దు, ఆకుకూరొద్దు, గుడ్డు పేరే ఎత్తొద్దు. సంగటి, ఉప్పు. అంతేక్కా."

"అట్లేన్నా."

నలభై ఒకటో రోజు మొగుడు లింగప్ప ఆమెను వీపున మోసుకొచ్చాడు. మోసుకొచ్చాడనేకంటే గాలికి ఎగిరిపోకుండా పట్టుకొచ్చాడంటే సరి.

డాక్టరు మండిపడ్డాడు. "తినమని చెప్పానా లేదా? ఇలాగైతే బతకవమ్మా."

తిప్పమ్మ ఒక్కసారి కిటికీ వైపు చూసింది. "నాకే తినబుద్ధి కాల్యా సామీ."

దాసప్ప చేతిలో సీసా బల్ల మీద పెట్టేశాడు. ప్రాణం మీదికొచ్చినా ఆమె అతని నౌకరీ కాపాడుతోంది. అంతకంటే పదిమందిలో చెప్పుతో కొట్టి ఉంటే నయమనిపించింది. లోపలికి నడిచాడు.

"ఆయమ్మ తప్పు ల్యాదు సార్. తినొద్దని నేనే చెప్పినా."

"నువ్వా? ఎందుకు?"

"మీరేమీ చెప్పరు. పథ్యం ల్యాకపోతే మందు పారబోస్తాండారు. మొదట్లో అందుకే చెప్పినా సార్. తర్వాత నా గొప్ప కోసరం చెప్పినా."

డాక్టరు స్టూలు జరిపి తిప్పమ్మను కూర్చోబెట్టాడు. ఇంట్లో ఏమేమున్నాయో అడిగాడు. ఏది తింటే రక్తం పడుతుందో, ఎందుకు పడుతుందో ఒక్కొక్కటే చెప్పాడు.

అంతా విని తిప్పమ్మ దాసప్ప వైపు తిరిగింది.

"తినొచ్చా అన్నా?"

అతను చెబితే తప్ప ఆమె ముద్ద నోట పెట్టేలా లేదు. డాక్టరు కూడా అతన్నే చూస్తున్నాడు.

"తినక్కా," అన్నాడు దాసప్ప, నేల చూస్తూ. "నేను చెప్పిందంతా అబద్దం. తిను."