ఫోటో చాచీ కెమెరా మార్చిన వైనం

మొన్న శుక్రవారం పొద్దున మేడ మీద బట్టలు ఆరేస్తుంటే మసీదు మైకులో మా వీధి పేరు వినబడింది. నరసరావుపేటలో మా వైపు ఏ ముస్లిం ఇంట్లో ఎవరు పోయినా ముందు ఆ మైకే చెబుతుంది. మెకానిక్ షెడ్డు ఫలానా ఆయన తల్లి ఆస్పత్రిలో కాలం చేశారనీ, మధ్యాహ్నం నమాజు తర్వాత ఖననమనీ చెప్పారు. చేతిలో తడి దుప్పటి అట్లాగే ఉండిపోయింది. రెండు రోజుల క్రితం ఆయాసంగా ఉందని ఆటో ఎక్కుతూ, "వచ్చేదాకా మా కోళ్ళకి నూకలు వెయ్యి, నీ స్కూలు పిల్లలకి పెట్టినట్టు పరీక్షలు పెట్టమాక" అని నాకు చెప్పి వెళ్ళిన మనిషి.

నిజం చెప్పాలంటే ఏడుపు కన్నా ముందు నాకు కోపం వచ్చింది. మెకానిక్ తల్లి ఏమిటి? ఆమెను ఊళ్ళో ఎవరూ అట్లా అనరు. ఆ మెకానిక్‌నే ఫోటో చాచీ కొడుకు అంటారు, అంటే ఫోటోల పిన్ని కొడుకు. మైకులో చెప్పిన పెద్దాయనకు ఆ సంగతి తెలియకపోయి ఉండవచ్చు. మగవాళ్ళకు తెలియకపోవడంలో వింత లేదు. ఆమె పనంతా ఆడవాళ్ళ వైపే సాగింది.

మా ప్రాంతంలో ముస్లిం పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళ పందిరి వేరుగా ఉంటుంది. అక్కడికి మగ ఫోటోగ్రాఫరు రాడు, రాకూడదు. చాచీ భర్తకు ఒకప్పుడు కోర్టు దగ్గర స్టూడియో ఉండేది. మగవాళ్ళ వైపు తాను తీసి, ఆడవాళ్ళ వైపు ఎట్లాగో తెలియక ఒకరోజు భార్య చేతిలో కెమెరా పెట్టి లోపలికి పంపాడట. ఆయన పోయాడు, స్టూడియో పోయింది. ఆమె మాత్రం లోపలే స్థిరపడిపోయింది. మాచర్ల నుంచి వినుకొండ దాకా ఆమె కెమెరా ముందు తల వంచుకుని పెళ్ళికూతురు కూర్చోని ఇల్లు తక్కువ.

నేను చర్చి వీధిలో పుట్టి, పెళ్ళయ్యాక ఆమె పక్కింటికి వచ్చినదాన్ని. ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతాను. ఆమె నన్ను పేరు పెట్టి పిలిచింది లేదు. "ఏమే పంతులమ్మా" అనేది. ఆదివారం ప్రార్థన కాగానే నాకు ఖాళీ ఉంటే తనతో పెళ్ళిళ్ళకు లాక్కుపోయేది. నా పని సంచీ మోయడం, ఆమె తిట్లు వినడం. "ఆ పిల్ల మొఖాన ఆ పౌడరు ఏందే, గోడకి సున్నం కొట్టినట్టు" అని నా చెవిలో గొణిగి, మరుక్షణం ఆ పిల్ల దగ్గరికి వెళ్ళి, "మాషా అల్లా, చందమామే" అనేది. నేను నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగేదాన్ని.

ఆమె కెమెరా చిన్నది, చేతిసంచీలో పట్టేది. దాని లెన్సు ఊడదు, మారదు. జూమ్ కూడా లేదు. మనిషి పెద్దగా పడాలంటే మనిషి దగ్గరికి నడవాలి. "నా జూమ్ నా కాళ్ళల్లో ఉంది" అనేది గర్వంగా. ఎవరి ఫోటో తీయాలన్నా ముందు వాళ్ళ కళ్ళల్లోకి చూసి గడ్డం ఎగరేసేది, తీయనా అని. ఎదుటి మనిషి తల అడ్డంగా ఊపితే కెమెరా ఒళ్ళోకి దిగిపోయేది, రెండోసారి అడిగేది కాదు. పెళ్ళి అయిపోయి ఫోటోలు అప్పజెప్పేటప్పుడు పెళ్ళికూతురి తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని, ఆమె చూస్తుండగానే కెమెరా కార్డులో ఉన్నవన్నీ చెరిపేసేది. అందుకే ఆమె లోపలికి వస్తే ఎవరూ కొంగు సర్దుకునేవాళ్ళు కాదు.

అన్నింటిలోకి ఆమెకు పేరు తెచ్చింది జల్వా ఫోటో. నిఖా అయ్యాక పెళ్ళికొడుకును ఆడవాళ్ళ వైపు తీసుకొచ్చి పెళ్ళికూతురికి ఎదురుగా కూర్చోబెడతారు. ఇద్దరి తలల మీదా ఒక ఎర్ర దుపట్టా కప్పుతారు. మధ్యలో అద్దం వెల్లకిలా పెడతారు. భార్య ముఖం భర్త మొదటిసారి చూడడం ఆ అద్దంలోనే. ఈ రోజుల్లో ముందే ఫోన్లలో చూసుకుంటారు, ఆ సంగతి వేరు. మా చాచీ ఆ దుపట్టా కింద తాను కూడా తల దూర్చి, నేల మీద చతికిలబడి, అద్దంలో పిల్ల ముఖం తీసేది. ఆ ఫోటో లేకపోతే పెళ్ళి సగమే అయినట్టు అనుకునేవాళ్ళు.

కొన్నేళ్ళ క్రితం మాచర్లలో ఒక పెళ్ళిలో అట్లా చతికిలబడిన మనిషి మళ్ళీ లేవలేదు. మోకాళ్ళు మొండికేశాయి. నేనూ ఇంకొకామే చెరో రెక్కా పట్టి లేపాం. వారం తిరక్కుండానే డాక్టరు నేల మీద కూర్చోవద్దన్నాడు, కొడుకు ఇంకో అడుగు ముందుకేసి అసలు పనే వద్దన్నాడు.

"ఇంక చాల్లే అమ్మీ. ఇంట్లో కూర్చో. నేను సంపాదించడం లేదా" అన్నాడు.

"నువ్వు సంపాదిస్తన్నావు, మరి నేనేం జేస్తన్నా?" అంది చాచీ. అబ్బాయికి ఆ ప్రశ్న అర్థం కాలేదు. అతను వెళ్ళాక నా వైపు తిరిగింది. "పెళ్ళికి పోతా, కూర్చుంటా, బిర్యానీ తింటా, వస్తా. దానికి నేనెందుకే? ఇంకో ముసలమ్మ సరిపోదా?" అంది. ఆమె గొంతు అంత చిన్నగా రావడం నేను వినడం అదే మొదటిసారి. నాకు భయం వేసింది. కెమెరా పక్కన పెడితే ఈ మనిషి మిగలదు అనిపించింది.

అప్పుడు నేనే ఆ మాట ఎత్తాను. లెన్సు మార్చుకునే కెమెరా కొనుక్కోమన్నాను. కుర్చీలో కూర్చుని దూరం నుంచే ముఖం నిండుగా తీయవచ్చని చెప్పాను. ఫోన్లో ఎనభై అయిదు మిల్లీమీటర్ల లెన్సు మీద రివ్యూలు చదివి వినిపించాను. ఆమె నేను చదివినదంతా విని, "ఇవన్నీ చెట్టు మీద పిట్టల్ని తీసుకునేవాళ్ళ మాటలు. పిట్టని అడిగి తియ్యరు. నేను దూరం నుంచి తీస్తే ఆ పిల్లలకి నేను తీస్తన్నట్టు తెలిసేది ఎట్టా? అది దొంగతనం కాదా?" అంది. నేను రివ్యూలు ఇంకా కిందికి జరిపాను. ఆ సంగతి వాటిలో ఎక్కడా లేదు.

బరువు ఎక్కువ అంది. లెన్సు ఊడదీసినప్పుడు లోపల దుమ్ము పడుతుంది అంది, మన ఊరి మిరపకాయల ఘాటు కోరు పడితే కెమెరా కూడా తుమ్ముతుంది అంది. మర్నాడు గోడ మీదుగా తొంగిచూసి, ఆ ఎనభై అయిదు లెన్సు అంటే ఎంత దూరం తీసిద్ది అని తనే అడిగింది. ఇట్లా ఒక రోజు అవును, ఒక రోజు కాదు. కొడుకు నన్ను వీధిలో ఆపి, "టీచరక్కా, మీరు ఎగదోయమాకండి. మొన్న లేవలేకపోయింది చూశారుగా" అన్నాడు. అతని బాధలో న్యాయం ఉంది. అయినా నేను ఆమె పక్షమే. అన్నం పెట్టేవాడు ఉన్నంతమాత్రాన మనిషి పని మానుకోవాలా?

చివరికి ఇద్దరం గుంటూరు బస్సెక్కాం. షాపులో కుర్రాడు ఓ బారెడు లెన్సు చూపించి, దీంతో చందమామ మీద మచ్చలు కూడా పడతాయమ్మా అన్నాడు. "చందమామ నాకెందుకయ్యా, పెళ్ళికూతురు కావాల" అంది చాచీ. ఎనభై అయిదు లెన్సుతో కెమెరా అద్దెకు కూడా ఇస్తారని తెలిశాక ఆమె ముఖం విప్పారింది. "పిల్లనిచ్చే ముందు వాకబు చేస్తామా, చెయ్యమా? దీన్నీ ఒక పెళ్ళికి తీసకపోయి చూస్తా. కుదిరితే కుదిరింది, లేకపోతే ఆ పెళ్ళితోనే నా పని ఆఖరు" అంది. షాపు కుర్రాడికి అది బేరంలో ఒక మాట. నాకు మాత్రం ఆమె ఆ మాట మీద నిలబడుతుందని తెలుసు.

ఆ పెళ్ళి నడికుడిలో. పెళ్ళికూతురి తల్లి జల్వా ఫోటో కూడా చాచీ తీసిందే, మా అమ్మాయికీ నువ్వే తియ్యాలని పట్టుబట్టి పిలిచింది. వేదికకు కాస్త దూరంలో ఒక ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని చాచీ కూర్చుంది. కొత్త కెమెరా ఒళ్ళో పసిబిడ్డలా పెట్టుకుంది. అడగడం ఎట్లా అన్న చిక్కును ఆమె అక్కడికక్కడే విడదీసింది. గొంతెత్తి అరవడం మొదలుపెట్టింది.

"ఏమ్మా, పచ్చ గాజులూ! నిన్నే తీస్తన్నా. వద్దంటే చెయ్యి ఊపు."

పందిరంతా నవ్వులు. పచ్చగాజుల పిల్ల చెయ్యి ఊపలేదు, జడ ముందుకు వేసుకుంది. ఆ తర్వాత అదొక ఆటైపోయింది. చాచీ ఎవర్ని పిలుస్తుందా అని అందరూ ఎదురుచూశారు. ఒక పెద్దావిడ మాత్రం చెయ్యి ఊపింది. కెమెరా వెంటనే కిందికి దిగింది. దూరం పెరిగినా పద్ధతి మారలేదు.

జల్వా సమయం వచ్చింది. చాచీ తన కుర్చీని పెళ్ళికొడుకు భుజం వెనక్కి జరిపించి, అటు పక్క దుపట్టా అంచు కాస్త ఎత్తి పట్టుకోమంది. అద్దం పెట్టారు. టక్ టక్‌మని నాలుగైదు తీసి వెనక తెరలో చూసుకుంది. నేనూ వంగి చూశాను. అద్దం అంచుకు కుట్టిన పూసలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. పిల్ల ముఖం మాత్రం మంచులో ఉన్నట్టు మసకగా ఉంది. చిన్న కెమెరాతో ఈ బాధ ఎప్పుడూ రాలేదు, దానికి అన్నీ ఒకేలా స్పష్టంగా పడేవి. అప్పటికే ఆడవాళ్ళు దుపట్టా తీసేయబోతున్నారు. ఇక అయిపోయిందనుకున్నాను. ఆమె ఆఖరి పెళ్ళికి సంచీ మోసినదాన్ని నేనే అవుతానేమో అనుకుంటూ ఆ సంచీ సర్దబోయాను.

"ఆగండి" అంది చాచీ. పెళ్ళికొడుకుతో సహా అందరూ కదలడం మానేశారు. "తప్పు నాదే. నేను అద్దాన్ని చూశా. చూడాల్సింది అద్దాన్ని కాదు, అద్దంలో పిల్లని. ఇంకోసారి చూసుకోండి నాయనా, మీ సొమ్మేం పోద్ది."

కెమెరా అద్దం అంచును పట్టుకుని అక్కడే ఆగిపోతోందని ఆమెకు తట్టింది. అద్దంలో ముఖం అద్దం కన్నా వెనక ఎక్కడో ఉన్నట్టు లెక్క. కెమెరా తనంతట తాను చూసుకునే ఆటోఫోకస్‌ను ఆపేసి, లెన్సు చుట్టూ ఉన్న రింగును చేత్తో మెల్లగా తిప్పింది. పూసలు కరిగిపోయాయి. వాటి వెనక నుంచి పిల్ల కళ్ళు తేటగా పైకి వచ్చాయి. రెండోసారి చూసుకోమన్నందుకు ఆ పిల్లకు నవ్వు ఆగలేదు. అద్దంలో మొగుడి వంక చూసి పళ్ళు కనబడేలా నవ్వింది. చాచీ అప్పుడు నొక్కింది.

ఆమె ఆ ఫోటోను తెర మీద ఆ మూలా ఈ మూలా పెద్దది చేసి చూసుకుంది. తర్వాత నా మోచెయ్యి గిల్లి, "పంతులమ్మా, ఇన్నేళ్ళూ ఆ దుపట్టా కింద మూడోదాన్ని నేనుండానే" అంది. నిజమే. ఆమె పాత ఫోటోల్లో ఏ పెళ్ళికూతురూ కళ్ళెత్తి ఉండదు. సిగ్గనుకున్నాం అందరం. మధ్యలో చాచీ తల ఉంటే ఎవరు మాత్రం ఎత్తుతారు? పెళ్ళికూతురి తల్లి కూడా కూతురి ఫోటో చూసి, "నా ఫోటోలో నేనెందుకు ఇట్టా నవ్వలేదు చాచీ?" అని అడిగింది. "నీ ఒళ్ళో నేను కూర్చుంటే నువ్వెట్టా నవ్వుతావే" అంది చాచీ. ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. గెలుపు అంటే ఏమిటో నేను పిల్లలకు వ్యాసాలు రాయిస్తుంటాను. నేను చూసిన గెలుపు మాత్రం అది.

తర్వాతి వారమే కొత్త కెమెరా కొనేసింది. పాతదాన్ని షాపు వాళ్ళకు ఇచ్చేస్తుంటే నాకే మనసు ఒప్పక, దాచుకోవచ్చుగా అన్నాను. "అది చెయ్యాల్సింది చేసింది. బీరువాలో పెట్టి దానికి ఖైదు ఎందుకు?" అంది. కొడుకు నడికుడి ఫోటో చూశాడు. ఆ తర్వాత ఏ పెళ్ళికైనా షెడ్డు మూసి తనే ఆటో తోలి తీసుకెళ్ళాడు, బయట కూర్చుని తల్లి వచ్చేదాకా ఎదురుచూశాడు. ఆమె మరో మూడేళ్ళు పనిచేసింది. ఆ మూడేళ్ళ పెళ్ళికూతుళ్ళందరూ ఫోటోల్లో కళ్ళెత్తి ఉన్నారు.

మొన్న మధ్యాహ్నం మగవాళ్ళు ఆమెను భుజాల మీద మోసుకుపోతుంటే మేడ మీంచి చూశాను. ఆఖరిగా ఆమెతో వెళ్ళింది ఈ ఏడాదే, మా ఊళ్ళోనే ఒక ఫంక్షన్ హాల్లో. హాలు పెద్దది, జనం ఎక్కువ. సాగనంపేటప్పుడు పెళ్ళికూతురూ వాళ్ళ అమ్మమ్మా ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తున్నారు. కెమెరా కంటి దగ్గర పెట్టుకున్న చాచీ దాన్ని దించేసింది. ఎనభై అయిదుకు అందే దూరమే. అయినా, "ఇది ఇక్కణ్ణించి తీసేది కాదు. నన్ను దగ్గరికి తీసకపోండి" అంది. లేవబోతే మోకాళ్ళు సహకరించలేదు. పక్కనున్న నలుగురు ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు, పట్టుచీరల కుచ్చిళ్ళు బొడ్లో దోపారు, కుర్చీకి తలో కాలూ పట్టి ఆమెతో సహా ఎత్తారు. అత్తరు పూసుకున్న జనం రెండుగా చీలి దారి ఇచ్చింది. వాళ్ళ భుజాలెత్తున చాచీ, ఒక చేత్తో కుర్చీ పట్టుకుని, ఇంకో చేత్తో కెమెరా పట్టుకుని, ఏడుస్తున్న పిల్లను చూసి గడ్డం ఎగరేస్తూ, "ఇంకొంచెం ముందుకే, ఇంకొంచెం" అంటూ సాగిపోతోంది.