మగ్గం చప్పుడుకి దెయ్యాన్ని అంటగట్టకండి

నా పేరు వీరమ్మ, వయసు డెబ్బై ఎనిమిది. బాపట్లలో కొడుకు, కోడలు, మనవరాలు సుజాతతో ఉంటాను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే సుజాత ఫోనులో రాస్తోంది.

నిన్న అది నన్ను తెనాలిలో దెయ్యం సినిమాకి తీసుకెళ్లింది. దెయ్యం వచ్చే ముందల్లా మగ్గం చప్పుడు పెట్టారు. సుజాత చెవులు మూసుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"భయం వేయట్లేదా నాయనమ్మా?"

"భయమేంటే? ఆ చప్పుడు వింటూనే నిద్రపోయేవాళ్లం!"

మన నేతవీధిలో పుట్టిన నా ఈడు ఆడవాళ్లారా, మీకు గుర్తుందిగా? ఆ గంజి వాసన, ఒడి నిండా నూలు కండెలు! వీధిలో ఎవరైనా చనిపోతే మగ్గాలన్నీ ఆపేసేవారు. చప్పుడు ఆగితేనే మన గుండె జారేది.

ఒక మధ్యాహ్నం ముందుగా మా మగ్గమే ఆగింది. అమ్మ పొయ్యి మీద అన్నం వదిలేసి పరుగెత్తింది. నాన్న నేస్తున్న బట్ట మీదికి వాలిపోయి ఉన్నాడు. అమ్మ ఏడుపు విని పక్కిల్లు ఆగింది, ఆ పక్కిల్లు ఆగింది. వీధంతా ఆగిపోయింది.

సినిమాలు తీసే బాబులూ, జనాన్ని భయపెట్టాలంటే మగ్గాన్ని ఆపి చూపించండి. మోగేది మా నాన్న. ఆయన్ని దెయ్యం చేయకండి.

కింద ఫొటోలో ఉన్నది నా వేలిముద్రే. వేస్తుండగా చూసినవాళ్లు: మనవరాలు సుజాత, మా వీధిలోనే పుట్టిన రత్తమ్మ.