కారమనుకుని నవ్వాను

మాది నంద్యాల. నిరుడు మా పెళ్లయి పాతికేళ్లు నిండాయని నేనూ మావారూ బ్యాంకాక్ వెళ్లాం. ఆయన పుట్టి పెరిగింది ఆళ్లగడ్డలో. కారం తినడంలో తనను మించినవాడు లేడని ఆయనకు మహా గొప్ప.

రెండో రోజు మధ్యాహ్నం, రోడ్డు పక్క బండి దగ్గర ఒకామె పచ్చి బొప్పాయి తురుమును పచ్చిమిరపకాయలతో కలిపి రోట్లో దంచుతోంది.

"మన రోటిపచ్చడి మాదిరే ఉండాదే, తిందాం పా" అని ఆయన ఒక ప్లేటు తీసుకున్నారు. నాలుగు చెంచాలు తిన్నారో లేదో, కళ్లు ఎర్రబడి పెదాలు ఉబ్బాయి.

"ఏమయ్యా, ఆళ్లగడ్డ పౌరుషం యాడికి పాయె?" అని పడీపడీ నవ్వాను.

ఆయన నవ్వలేదు. "కారం గాదే... ఊపిరి ఆడ్తాలేదు" అంటూ గొంతు పట్టుకుని కుర్చీలోంచి కిందికి జారిపోయారు.

నాకు అక్కడి భాష రాదు. ఎవరిని పిలవాలో తెలియదు. బొప్పాయి దంచే ఆమె పరుగున వచ్చి ఆయన ముఖం చూసింది. బండి అలాగే వదిలేసి, ఆటో ఆపి, మమ్మల్ని ఎక్కించి తానూ ఎక్కింది. ఆస్పత్రిలో ఇంజెక్షన్ పడ్డాక గానీ ఆయనకు ఊపిరి అందలేదు.

ఆ బొప్పాయిలో ఎండు రొయ్యలు కలుపుతారని డాక్టరు చెప్పాడు. మా ఇళ్లలో రొయ్యలు వండిందే లేదు. అవి ఆయనకు పడవని యాభై ఏళ్లొచ్చినా మాకెవరికీ తెలియదు.

ఆయన ఇప్పుడు ఈ సంగతి అందరికీ సరదాగా చెబుతారు. మనిషి ప్రాణం పోతుంటే ఎదురుగా కూర్చుని నవ్విన ఆ నిమిషం గుర్తొస్తే మాత్రం నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.