పగలు తీసిన రాత్రి

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. మా నాయన నంద్యాలలో బడిపంతులు. ఇంట్లో ప్రార్థన తప్ప తాయెత్తులు ఎరగం. ఇప్పటికీ నమ్మను. నమ్మనంటూనే ఇది రాస్తున్నాను, ఏం చేయను!

ఎనభైల మొదట్లో నేనొక చిన్న సినిమాకు అసిస్టెంట్ కెమెరామన్‌ని. మా అన్న సామేలు అదే యూనిట్‌లో ఎండను నటుల మీదికి మళ్లించే రిఫ్లెక్టర్ పట్టేవాడు. నన్ను ఈ పనిలో పెట్టింది అన్నే. ఆళ్లగడ్డ షూటింగుకు రెండు నెలల ముందు అన్న కామెర్లతో పోయాడు. నేను మద్రాసులో ఉన్నాను. టెలిగ్రాం అంది వచ్చేసరికి పూడ్చిపెట్టేశారు.

"కడాకు అన్న మొగం గూడా సూడకపోతివి గదరా," అంది అమ్మ. ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు.

ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే కొట్టం దగ్గర ఒక రాత్రి సీను తీయాలి. జనరేటరు తెచ్చే తాహతు లేదు. అందుకే మిట్టమధ్యాహ్నం తీశాం. ఎండ వెనకనుంచి పడేలా చూసుకుని, ఆకాశం కనపడకుండా ఫ్రేము పెట్టి, వెలుతురు తక్కువ పడేలా లెన్సు బాగా మూశాం. పగటి ఎండకు వాడే ఆరెంజ్ ఫిల్టరు తీసేస్తే ఫిల్ము మీద నీలం దానంతటదే వస్తుంది. మిగతా చీకటి ల్యాబువాళ్లు చేస్తారు. వెన్నెల భ్రమ చెడుతుందని ఆరోజు అసలు రిఫ్లెక్టరే బయటికి తీయలేదు.

"రాత్రి సీను, నీలం ఉంచండి" అని ల్యాబు కాగితం మీద రాయడం నా పని. నేను మరిచిపోయాను. ల్యాబువాళ్లు ఆ నీలాన్ని పొరపాటనుకుని శుభ్రంగా సరిచేశారు. మద్రాసులో ఆ ప్రింటు వేసి చూస్తే తెర మీద పట్టపగలు ప్రత్యక్షమైంది.

సగం చెక్కిన విగ్రహాల పక్కన, తలకు తువ్వాలు చుట్టుకుని, రిఫ్లెక్టరు పట్టుకుని మా అన్న నిలబడి ఉన్నాడు.

మా కెమెరామన్‌ది కోయిలకుంట్ల. అన్న పోయాక యూనిట్‌లో చేరాడు, అన్నను ఎప్పుడూ చూడలేదు. ఆయనే అడిగాడు: "ఆ మూలన నిలబడినోడు ఎవురప్పా? ఫ్రేములోకి యాడ్నుంచి వచ్చినాడు?"

నేను తెర వైపే చూస్తున్నాను.

"సర్లే, ల్యాబులో చీకటి చేపీ. కనపడడు," అన్నాడు.

తప్పు నాది. ఉద్యోగం పోతుందని భయం. అక్కడికక్కడే కాగితం తీసుకుని రాసిచ్చాను. మరుసటి ప్రింటులో ఆ మూల నల్లగా ఉంది. మొదటి ప్రింటు అడిగితే చెత్తలో వేశామన్నారు. ఎన్నాళ్లకో ఒక తెలిసినతన్ని బతిమాలి, అదే నెగెటివ్‌ను మళ్లీ పగటి వెలుతురులో ప్రింటు వేయించాను. రాళ్లు తప్ప ఎవరూ లేరు.

అది ఏమిటో నాకు ఈనాటికీ తెలియదు. అమ్మకు చెప్పలేదు. చెబితే "మొగం సూసినావా?" అని అడుగుతుంది. చూశానమ్మా, ఒక్క నిమిషం. ఆ తర్వాత నా చేత్తో నేనే చీకటి చేయమని రాసిచ్చాను.